గడ్డమున్న సవతి

అక్టోబరు 9

రైల్వే వాళ్ళు మా ఆయన వెహ్బీకి ఏటా ఒక డైరీ ఇస్తారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఇవ్వడం మానలేదు. ఆయన ఎప్పుడూ అందులో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఈ ఏడాదిదీ నలగకుండా అలాగే ఉంది. ఆయన పోయి వారం తిరగలేదు. ఇంట్లో మాట్లాడదామంటే మనిషి లేడు, నోరు కట్టేసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. అందుకని రాస్తున్నాను.

నేను ఏడవలేదు. ఆ పని మా ఆడపడుచు నా వంతు కూడా కలిపి చేసింది.

పొద్దున ముందుగది కర్టెన్లు ఉతికాను. ఒకటే పొగాకు కంపు, నీళ్ళు డికాషన్ రంగులో వచ్చాయి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పొగే పీల్చాను. ఇకనైనా ఇల్లు ఇల్లులా ఉంటుంది. వెనకగది కర్టెన్లు ఉతకలేదు, సబ్బు అయిపోయింది.

అక్టోబరు 10

సబ్బు తెచ్చాను. మబ్బు పట్టింది. ఉతికినా ఆరవు.

అక్టోబరు 11

ఎండ బాగానే కాసింది. కర్టెన్ల సంగతి ఇంకో రోజు చూద్దాం.

అక్టోబరు 15

తహ్సిన్ గారు వచ్చారు. భూగోళం మాస్టారుగా చేసి మానేశారు. వెహ్బీ లాగే పైపుల పిచ్చి. మా ఊళ్ళో ఈ పిచ్చివాళ్ళంతా శనివారం శనివారం కాఫీ హోటల్లో చేరి, మఖమల్ పెట్టెలు తెరిచి, ఒకరి పైపు ఒకరు చూసి అసూయపడి ఇళ్ళకు పోతారు. అందులో ఆయన పెద్ద తలకాయ.

చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చుని, చివరికి అద్దాల బీరువా వైపు చూశారు.

"ఈ పైపులన్నీ ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?"

"పొయ్యిలో పెడదామనుకుంటున్నాను. చలికాలం వస్తోందిగా, బొగ్గు కలిసొస్తుంది."

"అయ్యయ్యో! అదేం మాటమ్మా! అవి నురుగురాయి పైపులు! వెహ్బీ ఎండనక వాననక ఊళ్ళన్నీ తిరిగి..."

పాపం, గుండె పట్టుకున్నారు. మాస్టార్లతో హాస్యాలాడకూడదు. "బీరువాతో సహా తీసుకెళ్ళి మీ హోటల్లో గోడకు పెట్టుకోండి, నాకు దుమ్ము దులిపే పని తప్పుతుంది" అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేబురుమాలు పరిచి ఒక్కొక్కటీ బయటికి తీశారు. డేగ గోళ్ళలో గుడ్డు, ద్రాక్షగుత్తి, గుర్రం తల, పొగచూరిన సుల్తాను. ఏది ఏ ఊళ్ళో ఎవరి అటక మీద దొరికిందో వెహ్బీ నాకు వందసార్లు చెప్పాడు. నేను ఒక్కసారీ వినలేదు. అన్నీ ఎలా గుర్తున్నాయో తెలియదు.

కింది అరలో గడ్డం, తలపాగా ఉన్న ముసలాడి తలలా చెక్కిన పైపు, మేం 'ముసలాయన' అనేది. దాన్ని చేతిలోకి తీసుకుని తహ్సిన్ గారు కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు.

"ఇరవై ఏళ్ళ పైచిలుకు పొగ ఇది. ఎక్కడా మచ్చ లేదు, చార లేదు. అడుగు నుంచి తలపాగా దాకా ఒకే తేనె రంగు. డబ్బు పోసి కొంటే వచ్చేది కాదమ్మా. ఒక మనిషి ఓపిగ్గా కూర్చుని, ఊపిరి పోసి తెచ్చుకోవాలి."

"ఆ మసిముఖాన్ని హోటల్లో పెడితే మీకు గిరాకీ పోతుంది. దాన్ని ఇక్కడే పడెయ్యండి" అన్నాను.

అక్టోబరు 16

బీరువా వెళ్ళిపోయింది. గోడ మీద అది ఉన్న మేర సున్నం తెల్లగా ఉంది.

అందరి మొగుళ్ళూ తాగుడనో ఆడవాళ్ళనో పడ్డారు, నా మొగుడు గడ్డమున్న ముసలాడి వెంట పడ్డాడు. ఆ పైపుని నేను 'సవతి' అనేదాన్ని. ఆ మాటకు మొదట నవ్వింది సబ్రీయే. దాన్ని చెక్కినవాడు కూడా అతనే. అప్పుడు సబ్రీ కొత్తగా దుకాణం పెట్టుకున్నాడు. ఈ నురుగురాళ్ళు తవ్వే బావుల దగ్గర పరిచయమై వెహ్బీని 'అన్నయ్యా' అని పట్టుకున్నాడు. ఇంత పెద్ద రాయి పగులు లేకుండా దొరికితే, తలపాగా, ముడతలు, గడ్డం అన్నీ చెక్కి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. వచ్చినప్పుడు వెన్నముద్దలా తెల్లగా ఉంది. ఆ సాయంత్రమే వెహ్బీ దాన్ని వెలిగించాడు.

అంతే, ఇక దాని సేవ మొదలు. పొగ తాగినకొద్దీ ఆ తెల్లరాయికి రంగు దిగుతుందట. గాలి వీస్తే వెలిగించకూడదు, రంగు ఒక పక్కకే దిగుతుందట. వేడిగా ఉన్నప్పుడు వేలు తగిలితే ఆ గుర్తు జన్మలో పోదట. గుడ్డతో పట్టుకునేవాడు. నన్నయితే చిటికెన వేలు కూడా పెట్టనివ్వలేదు. నాకు జ్వరమొస్తే మాత్ర ఇచ్చి పడుకునేవాడు. దానికి జలుబు చేస్తుందని ఉన్నిసంచి కుట్టించాడు, అదీ నాతోనే.

సబ్రీ ఇంటికొచ్చిన ప్రతిసారీ నేను అనేదాన్ని, "నువ్వంత పెద్ద ఉస్తాదువైతే నా సవతి ముఖం మళ్ళీ తెల్లగా చెయ్యవయ్యా!" అని. ముగ్గురం నవ్వేవాళ్ళం.

అక్టోబరు 21

ముసలాయన్ని దుమ్ము దులపడానికి బయటికి తీశాను.

అక్టోబరు 22

దుమ్ము దులిపాను.

అక్టోబరు 23

దుమ్ము.

అక్టోబరు 26

ఎవరూ చదవని చోట కూడా అబద్ధాలాడటం ఏమిటో.

సాయంత్రం బాల్కనీలో ఆయన కుర్చీలో కూర్చుంటాను. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలులో ముసలాయన. గొట్టం చివర ఎడమవైపు చిన్న గాటు ఉంది, ఆయన కుక్కపన్ను నొక్కుకుపోయిన చోటు. ఇవాళ దాన్ని నోట్లో పెట్టుకున్నాను. నా పన్ను ఆ గాటులో ఇమడలేదు, నాలుకకు మాత్రం తగిలింది. చేదు. ఆయన నోరు అలాగే ఉండేది.

దుప్పటి, కోటు, చెప్పులు అన్నీ పంచేశాను. ఎందులోనూ మనిషి లేడు. ఇందులో ఉన్నాడు. ఈ రాయి లోపలికి ప్రతిరోజూ కొంచెం కొంచెంగా దిగాడు. ఇది నా దగ్గరుంటే చాలు. ఇంకేదీ వద్దు నాకు.

నవంబరు 2

గొట్టం ఊడింది. తల దగ్గర మెడ అంచు కాస్త చిట్లింది. నా చేతిలోనే. పోయినాయన ఉండుంటే ఇల్లు పీకి పందిరేసేవాడు.

సబ్రీ దుకాణానికి వెళ్ళాను. నన్ను చూడగానే బల్ల మీద తెల్లపొడి అంతా మోచేత్తో తోసేసి లేచాడు. తోలు ఏప్రాన్ విప్పి స్టూలు తుడిచాడు. వాళ్ళావిడ సానియే లోపలి నుంచి టీ తెచ్చింది.

పైపు చూపించాను. రుమాలు ముడి నా వేళ్ళకు లొంగలేదు, పళ్ళతో లాగి విప్పాను. వాళ్ళిద్దరూ అది చూశారు. ముఖాలు అదోలా పెట్టారు. జాలి. నాకు ఒళ్ళు మండింది.

"మెడ దగ్గర అతుకు వెయ్యి" అన్నాను. "చేతిలో ఎటూ ఉంది కాబట్టి ఆ ముఖం కూడా కడుగు. ఎన్నేళ్ళ నుంచి చెబుతున్నాను! ఆయన పేరిట చదివించే మౌలూదుకి నలుగురూ వస్తారు. ఈ మసిబొగ్గుని చూసి నా ఇంటి పరువు పోతుంది."

సబ్రీ నా వైపు చూశాడు. "నిజంగానే అంటున్నారా వదినా?"

"నేను ఎప్పుడైనా ఉత్తమాట అన్నానా?"

"అన్నయ్య..."

"మీ అన్నయ్య పోయాడు. ఇప్పుడు ఇంటి పెద్ద నేను."

అతను తల ఊపాడు. టీ బాగుంది. లేచి వచ్చేశాను. దారి పొడుగునా, ఏడవకుండా బయటపడ్డందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నవంబరు 4

ఇంకా తేలేదు. ఒక అతుకుకి ఇన్ని రోజులా?

నవంబరు 5

బాల్కనీలో చలి. ఒళ్ళో ఏమీ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నవంబరు 8

సబ్రీ వచ్చాడు. ఉతికిన చొక్కా, కత్తిరించిన మీసం, చేతిలో కొత్త మఖమల్ పెట్టె.

"కళ్ళు మూసుకోండి వదినా."

"ఏం, నేనేమైనా పసిపిల్లనా? ఇలా ఇవ్వు."

తెరిచాను. తెల్లగా ఉంది. వేరే ఎవరి పైపో పొరపాటున తెచ్చాడనుకున్నాను.

"ఇదెవరిదయ్యా? నాది ఏది?"

"ఇదే వదినా! మన ముసలాయనే!" అతని ముఖం వెలిగిపోతోంది. "నానబెట్టి, పొర తరవాత పొర గీకి, మళ్ళీ తేనెమైనంలో ముంచాను. రంగు ఎంత లోతుకు దిగిందో! అన్నయ్య అంత కాల్చాడు. ముక్కు కాస్త సన్నబడింది కానీ తెలియదులెండి. గొట్టం మీద పంటిగాటు ఉంటే అదీ నున్నగా రుద్దేశాను. ఇన్నేళ్ళు అడిగారు, అన్నయ్య ఉండగా నాకు చెయ్యాడలేదు. రంగు పట్టిన పైపుని గీకితే మా నాన్న నా చేతులు విరగ్గొట్టేవాడు. ఎవరికీ చెయ్యని పని ఇది. మీరు నోరు తెరిచి అడిగారని చేశాను."

నేను ముసలాయన ముఖం చూశాను. చెంపలు, గడ్డం, తలపాగా మడతలు, అన్నీ ఉన్నాయి. వెహ్బీ లేడు. నా చేతిలో ఉన్నది దుకాణంలో ఎవరైనా కొనుక్కునే రాయి.

"వదినా? నచ్చిందా?"

ఏమేమి అన్నానో పూర్తిగా గుర్తులేదు. "నువ్వు ఆయన్ని రెండోసారి చంపావు" అన్నది గుర్తుంది. కొత్త పెట్టె మెట్ల మీదికి విసిరాను. అతను దాన్ని ఏరుకోలేదు. చెప్పులు సగం తొడుక్కుని గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయాడు. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. చూస్తే చూడనీ.

నవంబరు 9

ఏడ్చాను. ఆయన పోయినప్పటిది కూడా కలిపి.

నవంబరు 10

వెహ్బీ పొగాకు డబ్బాలో అడుగున కాస్త మిగిలి ఉంది. తెల్లపైపులో కూరి వెలిగించాను. దగ్గుతో కళ్ళ ముందు చీకట్లు వచ్చాయి. రోజూ కాలిస్తే పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో రంగు వస్తుందేమో. వచ్చినా అది నా రంగు. నన్ను నేను ఏం చేసుకోను? ఆర్పేశాను.

ఆ కాస్త పొగాకూ అయిపోయింది.

నవంబరు 12

దుకాణానికి వెళ్ళాను. సబ్రీ లేడు. సానియే ఒక్కతే ఉంది.

"గీకిన పొడి ఏది?" అన్నాను.

"ఏ పొడి వదినా?"

"నా మొగుణ్ణి గీకిన పొడి."

సానియే మూల ఉన్న గోనెసంచి చూపించింది. చెక్కినప్పుడు రాలిన పేళ్ళూ పొడీ అందులో వేస్తారు. అది నిండితే ముద్ద చేసి చవకరకం పైపులు అచ్చు వేసేవాళ్ళు పట్టుకుపోతారు. సంచి సగానికి పైగా నిండి ఉంది.

నేలమీద గుడ్డ పరిచి, దోసిళ్ళతో తీసి పోసుకుని కూర్చున్నాను. అంతా తెలుపు. మధ్యలో అక్కడక్కడా గోధుమరంగు పేళ్ళు, గోరు చివరంత. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరాను. కాసేపు చూసి సానియే తన కళ్ళజోడు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. ఆమె ఏరినవి నా కుప్పలో వేసింది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడింది, సాయంత్రానిదీ వినబడింది. ఆఖరికి ఒక టీ గ్లాసుడయ్యాయి.

లేస్తుంటే సానియే అంది, "మీరు తిట్టింది న్యాయమే వదినా. కానీ ఆ పైపు గీకేటప్పుడు మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ గీకాడు. ఎందుకయ్యా ఏడుస్తూ చెయ్యడం అంటే, వదిన మొదటిసారి నవ్వకుండా నన్నొకటి అడిగింది, కాదనలేను అన్నాడు."

నేను గ్లాసు మూతపెట్టుకుని వచ్చేశాను.

నవంబరు 13

మూత తీసి వాసన చూశాను. నానిన రాయి వాసన. చాలాసేపు పట్టుకుంటే కొంచెం పొగాకు. లేక నేనే అనుకుంటున్నానేమో.

నవంబరు 17

సానియే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"తొమ్మిది రోజులైంది వదినా, దుకాణంలో అడుగుపెట్టడం లేదు. ఉలి ముట్టుకోవడం లేదు. నాది పాపిష్టి చెయ్యి అంటాడు. పిలిచినా పలకడు. మీరొక్క మాట..."

"నేనేం మాట అనాలి? చాలా బాగా చేశావు బాబూ, ఇంకో రెండు గీకు అనాలా?"

"ఈ సంగతి కాఫీ హోటల్లో తెలిస్తే ఊళ్ళో ఎవరూ ఆయన చేతికి పైపు ఇవ్వరు. మాకు ఇంకో పని రాదు."

"ఇవ్వకపోతే పోనీ" అన్నాను. తలుపు వేశాను.

ఆమె మెట్లు దిగే చప్పుడు రాలేదు. నేనూ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. అవతల ఆమె, ఇవతల నేను. చాలాసేపటికి వెళ్ళింది.

నవంబరు 20

హల్వాకి రవ్వ, పంచదార, వెన్న, చల్లడానికి పన్నీరు తెచ్చాను. మనిషి పోయిన యాభై రెండో రోజున ఎముక నుంచి మాంసం విడిపోతుందని మావాళ్ళ నమ్మకం. ఆ బాధ వాళ్ళకి తెలియకూడదని మౌలూదు చదివిస్తాం. మా అమ్మకూ చదివించాం, మా మామగారికీ చదివించాం. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటేనే సబ్రీ ఉలి కళ్ళల్లో మెదులుతోంది.

సబ్రీ తప్పు చేశాడని ఇక్కడ రాయబోయాను. చెయ్యి ఆడలేదు. కడగమన్నది ఎవరు? రెండుసార్లు అడిగాడు కదా, 'నిజంగానే అంటున్నారా' అని.

ఒక్కసారే అడిగాడు. రెండోసారి 'అన్నయ్య' అన్నాడు. నేనే మాట పూర్తిచెయ్యనివ్వలేదు.

నవంబరు 23

మౌలూదు అయింది. అందరూ వెళ్ళిపోయారు. గిన్నెలు కడిగి వచ్చి రాస్తున్నాను.

ఆడవాళ్ళు వెనకగదిలో, మగవాళ్ళు ముందుగదిలో. కాఫీ హోటల్ బృందం అంతా వచ్చింది. సబ్రీ వస్తాడనుకోలేదు. వచ్చి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. మోకాలి మీద హల్వా పళ్ళెం పెట్టుకుని దానివైపే చూస్తున్నాడు, ముట్టుకోలేదు.

దువా ముగిసి పన్నీరు చల్లాక తహ్సిన్ గారు అన్నారు, "అమ్మా, మా వెహ్బీ ముసలాయన్ని ఒక్కసారి తీసుకురండి. అందరం ఒకసారి చేతిలోకి తీసుకుంటాం. ఇంతకంటే మంచి రోజు ఏముంది?"

సబ్రీ నావైపు చూసి వెంటనే తలొంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వంటింటి గడప మీద సానియే ట్రేతో నిలబడిపోయింది.

పోయిందని చెప్పొచ్చు. ఎవరికో ఇచ్చేశానని చెప్పొచ్చు. వీళ్ళు ఊరంతా గాలించి మరీ కనుక్కుంటారు. లోపలికి వెళ్ళాను. తీసుకొచ్చి తహ్సిన్ గారి జేబురుమాలులో పెట్టాను.

అందరూ ముందుకు వంగారు. ఒకరెవరో కలిమా చదివారు, మళ్ళీ చావుకబురు విన్నట్టు.

"ఏమిటిది?" అన్నారు తహ్సిన్ గారు. పైపుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరు చేశారీ పని?"

నాకు పదిహేను రోజులుగా నోట్లో ఆడుతున్న పేరు అది. ఆ గుమ్మం వైపు వేలు చూపిస్తే చాలు.

"నేను చేయించాను" అన్నాను. "సబ్రీ వద్దు మొర్రో అన్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాడు. నువ్వు చెయ్యకపోతే బొగ్గులపొయ్యిలో పడేస్తానని బెదిరించాను. నా సంగతి మీకు తెలుసుగా, అన్నంత పనీ చేస్తాను. పాపం, ఆ భయంతో చేశాడు. అయినా చూడండి ఎంత బాగా చేశాడో! గడ్డంలో వెంట్రుక వెంట్రుకా కనబడుతోంది. ఎంత అందంగా ఉన్నాడో ముసలాయన! ఇంత మంచి పైపు ఈ ఊళ్ళో ఇంకోటుందా?"

తహ్సిన్ గారు దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టారు. చేతులు తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళు వెహ్బీ ఎవరితో కాపురం చేశాడో ఇవాళ తెలిసింది" అని కోటు తీసుకున్నారు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. వెళ్ళొస్తామని నాకెవరూ చెప్పలేదు. సబ్రీ భుజం మీద మాత్రం చెయ్యి వేసి వెళ్ళారు.

సబ్రీ లేవబోయాడు. "వదినా, నేను వాళ్ళకి నిజం..."

"కూర్చో. హల్వా చల్లారిపోయింది. తిను."

తిన్నాడు. కళ్ళనీళ్ళు పళ్ళెంలో పడుతుంటే అలాగే తిన్నాడు. రేపు దుకాణం తియ్యమన్నాను. సరేనన్నాడు.

వెహ్బీ, నువ్వు రోజూ దాన్ని దీపం కిందికి వంచి అడిగేవాడివి, "ముజెయ్యెన్, ఒకసారి చూడవే, రంగు బాగా వస్తోంది కదూ?" అని. నేను తలెత్తకుండానే ఏదో ఒక వెటకారం ఆడేదాన్ని. కానీ చూసేదాన్ని. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు కొంగుతో పట్టుకుని, వెలుతురులోకి తిప్పి చూసేదాన్ని. చాలా బాగుండేది. ఏటికేడు ఇంకా బాగుండేది. చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు.

ఇవాళ నలుగురి ముందూ నోరారా బాగుందన్నాను, ఆ ఏమీ లేని తెల్లరాయిని పట్టుకుని. ఇంత తేలికైన మాటా ఇది! ఒక్కసారైనా నీకు చెప్పి ఉండాల్సింది.